రెండు ఆగస్టు 20లు: నీలం సంజీవరెడ్డి రాజకీయ ప్రయాణం

ఈ రోజు ఎపిసోడ్‌ని ఒక తేదీతో మొదలుపెడదాం. ఆగస్టు 20.

1969 ఆగస్టు 20న ఢిల్లీలో రాష్ట్రపతి ఎన్నిక ఓట్లు లెక్కపెట్టారు. అధికార పార్టీ అధికారికంగా నిలబెట్టిన అభ్యర్థి ఓడిపోయారు. మన దేశంలో రాష్ట్రపతి ఎన్నికలో అలా జరగడం ఆ ఒక్కసారే. ఓడిపోయింది మన తెలుగాయన, అనంతపురం జిల్లా నుంచి వెళ్లిన నీలం సంజీవరెడ్డి.

సరిగ్గా పదేళ్ల తర్వాత, 1979 ఆగస్టు 20న, ఒక ప్రధానమంత్రి పార్లమెంటు మెట్లెక్కకుండానే రాజీనామా పంపించారు. ఆ రాజీనామా అందుకున్న రాష్ట్రపతి ఎవరో తెలుసా? పదేళ్ల క్రితం ఓడిపోయిన ఆ సంజీవరెడ్డే.

ఈ రెండు ఆగస్టు 20ల మధ్య ఏం జరిగింది, అసలు అంతకుముందు ఏం జరిగింది, రెండో ఆగస్టు 20 తర్వాత రెండు రోజులకి ఆయన తీసుకున్న నిర్ణయం కరెక్టా కాదా, ఇదే ఈ రోజు మన టాపిక్.

గ్రూప్స్‌కి చదివినవాళ్లకి సంజీవరెడ్డి అంటే మూడు బిట్లు. ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి ఎవరు? ఏకగ్రీవంగా ఎన్నికైన ఏకైక రాష్ట్రపతి ఎవరు? రెండుసార్లు లోక్‌సభ స్పీకర్ అయి, తర్వాత రాష్ట్రపతి అయినవారు ఎవరు? మూడింటికీ ఆన్సర్ ఒక్కటే. నేను కూడా చాలాకాలం ఆయన్ని అలా బిట్లుగానే గుర్తుపెట్టుకున్నాను. ఈ ఎపిసోడ్ కోసం ఆయన జీవితాన్ని వరుసగా ఒక షీట్‌లో తేదీల ప్రకారం రాసుకుంటే ఒక విషయం కనిపించింది. ఈయన కెరీర్ మొత్తం రాజీనామాల మీద నడిచింది. ముఖ్యమైనవే ఐదున్నాయి. ఒక్కో రాజీనామా వెనకాల ఒక్కో కథ. కాబట్టి పదవులు లెక్కపెట్టడం మానేసి, ఈ రోజు రాజీనామాలు లెక్కపెడదాం.

ముందు బ్యాక్‌గ్రౌండ్ త్వరగా చెప్పేస్తాను. 1913 మే 19న అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టారు. మద్రాసు అడయార్‌లో థియోసాఫికల్ హైస్కూల్లో చదువు, తర్వాత అనంతపురం ఆర్ట్స్ కాలేజీ. 1929లో గాంధీ అనంతపురం వచ్చారు. ఆ ప్రభావంతో చదువు పక్కన పెట్టి ఉద్యమంలోకి దూకేశారు. 1938 నుంచి పదేళ్లు ఆంధ్ర ప్రాంత కాంగ్రెస్ కమిటీ కార్యదర్శి. మధ్యలో జైళ్లు. అమరావతి జైల్లో, అంటే మన అమరావతి కాదండి, విదర్భలోది, అక్కడ ప్రకాశం పంతులు, కామరాజ్, వి.వి. గిరి లాంటివాళ్లతో కలిసి ఉన్నారు. ఈ గిరి పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తారు.

1946లో మద్రాసు శాసనసభకి ఎన్నికయ్యారు, రాజ్యాంగ సభలో సభ్యులయ్యారు, 1949లో మద్రాసు రాష్ట్రంలో మంత్రి అయ్యారు. 1951లో ఎన్.జి. రంగా గారి మీద గెలిచి ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. అంతా పైకే వెళ్తోంది కదా. ఆగండి. 1952లో మొదటి సాధారణ ఎన్నికలు వచ్చాయి. అనంతపురంలో నిలబడ్డారు, ఓడిపోయారు. ఓడించింది కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి. ఈ నాగిరెడ్డి గారు ఎవరో కాదు, సంజీవరెడ్డి గారి భార్య నాగరత్నమ్మ గారి అన్నదమ్ముడు. అంటే బావని బావమరిదే ఓడించాడు. సీమ రాజకీయాల్లో ఇంతకంటే పెద్ద సినిమా కథ ఏముంటుంది చెప్పండి.

ఓడినా ఆగలేదు. రాజ్యసభకి వెళ్లారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే ప్రకాశం గారి దగ్గర ఉప ముఖ్యమంత్రి. 1955లో బెజవాడ గోపాలరెడ్డి గారి దగ్గర మళ్లీ ఉప ముఖ్యమంత్రి. 1956 నవంబర్ 1న తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, మొదటి ముఖ్యమంత్రి సంజీవరెడ్డి.

ఇక్కడ ఒక విషయం దాటేసి వెళ్తే అన్యాయం అవుతుంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందం జరిగింది. అందులో ఒక షరతు ఏంటంటే, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం నుంచి వస్తే ఉప ముఖ్యమంత్రి ఇంకో ప్రాంతం నుంచి ఉండాలి. ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్లలో సంజీవరెడ్డి గారు కూడా ఒకరు. తీరా మొదటి మంత్రివర్గం ఏర్పడితే అందులో తెలంగాణ నుంచి ఉప ముఖ్యమంత్రి లేరు. అదేంటని అడిగితే ఆ పదవి ఆరో వేలు లాంటిదన్నారని ఇప్పటికీ తెలంగాణలో చెప్పుకుంటారు. ఆ ముందు మూడేళ్లలో రెండుసార్లు ఆ ఆరో వేలు పదవిలో కూర్చున్నది ఆయనే. తెలంగాణవాళ్ల మనసులో ఒప్పందం ఉల్లంఘనల లిస్టు తీస్తే మొదటి ఐటమ్ ఇదే. సంతకం చేసినవాళ్లే మాట తప్పితే, ఆ తర్వాత వచ్చినవాళ్లు దాన్ని నిలబెడతారని ఎలా అనుకుంటాం?

సరే, ఇప్పుడు రాజీనామాలు.

మొదటిది 1960 జనవరి. ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. ఎందుకంటే అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. ఆయన ఖాళీ చేసిన కుర్చీలోకి దామోదరం సంజీవయ్య వచ్చారు. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి. ఈ పాయింట్ కూడా గుర్తుపెట్టుకోండి, చివర్లో అవసరం పడుతుంది. 1962 ఎన్నికల తర్వాత సంజీవరెడ్డి గారు తిరిగొచ్చి మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

రెండోది 1964 ఫిబ్రవరి. నాకు బాగా ఇంట్రెస్టింగ్‌గా అనిపించిన రాజీనామా ఇదే.

అప్పట్లో ప్రైవేటు బస్సు రూట్లని ఆర్టీసీ పరం చేసే పని నడుస్తోంది. ఏ జిల్లా తర్వాత ఏ జిల్లా తీసుకోవాలి అని ఒక వరుస ఉంది. ఆ వరుస మారిపోయి, కర్నూలు జిల్లాలో కొన్ని రూట్లు ముందుకొచ్చాయి. అక్కడి బస్సు యజమానులు కోర్టుకెళ్లారు. వాళ్ల వాదన సింపుల్: మేము ముఖ్యమంత్రికి రాజకీయంగా వ్యతిరేకులం, మా మీద కక్షతోనే వరుస మార్చారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కోర్టు ఆ స్కీమ్‌ని కొట్టేసింది. ఇక్కడ అసలు దెబ్బ స్కీమ్ పోవడం కాదు. ముఖ్యమంత్రి మీద నేరుగా ఆరోపణలు ఉన్నాయి, వాటిని ఆయన స్వయంగా అఫిడవిట్ వేసి ఖండించలేదు, కాబట్టి ఆ ఆరోపణల్ని మేము పక్కన పెట్టలేం అన్న అర్థంలో కోర్టు చెప్పింది. అధికారులు వేసిన అఫిడవిట్లు సరిపోలేదు.

ఆయన్ని కోర్టు దిగిపొమ్మనలేదు. శిక్ష వేయలేదు. ఆయన ఆ కేసులో నిందితుడు కూడా కాదు. అయినా తీర్పు వచ్చాక రాజీనామా చేసేశారు. కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు.

దీన్ని నైతిక విలువలకి ఉదాహరణగా చాలామంది చెప్తారు. ఒప్పుకుంటాను. ఒక తీర్పులో ఒక వ్యాఖ్య వచ్చినందుకు కుర్చీ దిగడం అంటే ఇప్పుడు మనకి కథలాగే వినిపిస్తుంది. కానీ నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. జూన్‌లో శాస్త్రి గారు ప్రధాని కాగానే ఈయన కేంద్రంలో ఉక్కు, గనుల మంత్రి అయ్యారు. నాలుగు నెలలు. అంటే ఆ రాజీనామాకి ఆయన చెల్లించిన ధర నాలుగు నెలల ఖాళీ సమయం. బస్సు యజమానులు లేవనెత్తిన ప్రశ్నకి మాత్రం రాజకీయంగా జవాబు దొరకలేదు. రాజీనామా చేయగానే చర్చ ఆగిపోయింది. మన దగ్గర రాజీనామాకి ఆ శక్తి ఉంది. తప్పు జరిగిందా లేదా అన్న ప్రశ్న పక్కకెళ్లి, ఎంత గొప్పవాడో అన్న మాట ముందుకొస్తుంది.

మూడోది 1967. ఈసారి వదిలేసింది ప్రభుత్వ పదవిని కాదు, పార్టీని. ఆ ఏడాది హిందూపురం నుంచి లోక్‌సభకి గెలిచారు, స్పీకర్ పదవికి పోటీ చేశారు. ప్రతిపక్షాల తరఫున నిలబడింది ఎవరనుకుంటున్నారు? విశాఖ ప్రాంతం నుంచి వచ్చిన తెన్నేటి విశ్వనాథం. లోక్‌సభ స్పీకర్ పదవికి ఇద్దరు తెలుగువాళ్ల మధ్య పోటీ! 278, 207 ఓట్ల తేడాతో సంజీవరెడ్డి గెలిచారు. గెలిచాక కాంగ్రెస్ పార్టీ సభ్యత్వానికి రాజీనామా చేశారు. స్పీకర్ అంటే అన్ని పార్టీలకీ సమానం, కాబట్టి నేను ఏ పార్టీలోనూ ఉండను అని.

చూడండి, ఇది చిన్న విషయం కాదు. బ్రిటన్‌లో స్పీకర్ పార్టీని వదిలేయడం ఆనవాయితీ. మన దగ్గర అది రూల్ కాదు. రూల్ లేకపోయినా ఆయన చేసి చూపించారు. ఈ రోజుల్లో స్పీకర్ల మీద, ముఖ్యంగా ఫిరాయింపు పిటిషన్లు ఏళ్లకేళ్లు పెండింగ్‌లో పెట్టే అసెంబ్లీ స్పీకర్ల మీద మనకున్న కంప్లైంట్లు గుర్తు తెచ్చుకుంటే ఆ పని విలువ తెలుస్తుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో దీనికి ఉదాహరణలు నేను చెప్పక్కర్లేదు, మీకే తెలుసు.

మరి ఆ మంచి పని ఎందుకు సంప్రదాయంగా మారలేదు? దానికి కారణం నాలుగో రాజీనామాలో ఉంది.

1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే చనిపోయారు. ఉపరాష్ట్రపతి గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. అప్పటికే కాంగ్రెస్ లోపల ఇందిరాగాంధీకి, సిండికేట్ అని పిలిచే సీనియర్ నాయకులకి పడటం లేదు. జూలైలో బెంగళూరులో పార్టీ సమావేశం జరిగింది. రాష్ట్రపతి అభ్యర్థిగా జగ్జీవన్ రామ్ పేరు ఇందిర ముందుకు తెచ్చారు. సిండికేట్ సంజీవరెడ్డి పేరు పెట్టి, మెజారిటీతో నెగ్గించుకుంది. జగ్జీవన్ రామ్ పేరు కూడా గుర్తుపెట్టుకోండి. ఈ రోజు మీకు చాలా హోమ్‌వర్క్ ఇస్తున్నాను, సారీ.

జూలై 19న సంజీవరెడ్డి స్పీకర్ పదవికి రాజీనామా చేశారు. అదే రోజు 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్స్ వచ్చింది. దాని మీద సంతకం పెట్టింది తాత్కాలిక రాష్ట్రపతి గిరి. మర్నాడు గిరి కూడా రాజీనామా చేసి, ఇండిపెండెంట్‌గా పోటీలోకి దిగారు. రాష్ట్రపతి లేరు, ఉపరాష్ట్రపతి లేరు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా తాత్కాలికంగా రాష్ట్రపతి బాధ్యతలు తీసుకున్నారు.

గిరి గారిది బరంపురం. ఇప్పుడది ఒడిశాలో ఉంది, కానీ ఆయనది తెలుగు కుటుంబం. అంటే ఒకప్పుడు ఒకే జైల్లో ఉన్న ఇద్దరు తెలుగువాళ్లు ఇప్పుడు రాష్ట్రపతి భవన్ కోసం ఎదురెదురుగా నిలబడ్డారు. మూడో ముఖ్యమైన అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్. రిజర్వ్ బ్యాంక్ మాజీ గవర్నర్, మాజీ ఆర్థిక మంత్రి. ఆయనకి స్వతంత్ర పార్టీ, జనసంఘ్ మద్దతు.

సంజీవరెడ్డి నామినేషన్ మీద ఇందిర సంతకం చేశారు. తర్వాత, దేశ్‌ముఖ్ వైపున్న పార్టీల రెండో ప్రాధాన్య ఓట్ల కోసం కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప వాళ్లతో మాట్లాడారని బయటికొచ్చింది. దాన్ని పట్టుకుని ఇందిర వర్గం అడ్డం తిరిగింది. అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటెయ్యండి అని పిలుపు వచ్చింది. అంటే పార్టీ అభ్యర్థికే వెయ్యాలని ఏం లేదు అని అర్థం.

ఇప్పుడు కౌంటింగ్. నేను కోడ్ రాసే బ్యాచ్ నుంచి వచ్చాను కాబట్టి ఈ పార్ట్ కొంచెం ఎక్కువసేపు చెప్తాను, భరించండి. రాష్ట్రపతి ఎన్నికలో ఎంపీలు, ఎమ్మెల్యేలు ఓటేస్తారు. ఒక్కో ఓటుకి ఒక విలువ ఉంటుంది. అభ్యర్థుల పక్కన 1, 2, 3 అని ప్రాధాన్యం రాస్తారు. గెలవాలంటే మొత్తం విలువలో సగం దాటాలి. మొదటి లెక్కలో ఎవరూ సగం దాటకపోతే, అందరికంటే తక్కువ వచ్చినవాళ్లని తీసేసి, వాళ్ల ఓట్లని తర్వాతి ప్రాధాన్యం ప్రకారం మిగిలినవాళ్లకి పంచుతారు. అలా ఎవరో ఒకరు దాటేదాకా లూప్ తిరుగుతూనే ఉంటుంది.

ఆ రోజు కావాల్సింది 4,18,169. మొదటి లెక్కలో గిరికి 4,01,515. సంజీవరెడ్డికి 3,13,548. దేశ్‌ముఖ్‌కి 1,12,769. ఎవరూ దాటలేదు. కింది నుంచి ఒక్కొక్కరినీ తీసేస్తూ, చివరికి దేశ్‌ముఖ్ ఓట్లు కూడా పంచారు. పంచిన ఓట్లలో గిరికి కలిసింది 18,562. సంజీవరెడ్డికి కలిసింది 91,879. దాదాపు ఐదు రెట్లు! అయినా సరిపోలేదు. ఫైనల్ లెక్క: గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. తేడా 14,650.

మన రాష్ట్రపతి ఎన్నికల్లో మొదటి లెక్కలో తేలకుండా రెండో ప్రాధాన్య ఓట్ల దాకా వెళ్లింది ఇప్పటివరకు ఆ ఒక్కసారే. చివరి ఓటు దాకా లెక్కపెట్టారు. లెక్కపెట్టాకే ఓడిపోయారు. ఈ మాట మళ్లీ గుర్తు చేస్తాను.

ఆ ఓటమితో కాంగ్రెస్ చీలిపోయింది. కానీ నన్ను అడిగితే ఇంకో నష్టం కూడా జరిగింది. పార్టీని వదిలేసిన స్పీకర్, రెండేళ్లు తిరిగేసరికి అదే పార్టీ అభ్యర్థిగా ఇంకా పెద్ద పదవికి నిలబడ్డారు. చూసేవాళ్లకి ఏమనిపిస్తుంది? తటస్థత కూడా ఒక మెట్టే అనిపిస్తుంది. ఆయన ఉద్దేశం అది కాకపోవచ్చు. కానీ ఆ తర్వాత వచ్చిన స్పీకర్లు ఎవరూ ఆయన దారిని పట్టలేదు.

1971 లోక్‌సభ ఎన్నికల్లో అనంతపురంలో సంస్థా కాంగ్రెస్ తరఫున పోటీ చేసి ఓడిపోయారు. ఇందిర గాలి ఆ రేంజ్‌లో ఉంది. ఇంటికొచ్చి వ్యవసాయం చూసుకున్నారు. 58 ఏళ్ల మనిషి, ముఖ్యమంత్రి, పార్టీ అధ్యక్షుడు, కేంద్ర మంత్రి, స్పీకర్ అన్నీ అయిపోయి, అనంతపురం కరువు నేలలో పొలం పనిలో ఉన్నారు. అందరూ కథ అయిపోయిందనుకున్నారు.

1975 మే 1న హైదరాబాద్‌లో జయప్రకాశ్ నారాయణ్ సభలో మళ్లీ కనిపించారు. వచ్చే నెలలోనే ఎమర్జెన్సీ. 1977 మార్చిలో ఎన్నికలు. ఉత్తరాది మొత్తం ఇందిరకి వ్యతిరేకంగా తిరిగింది. ఆంధ్రప్రదేశ్ మాత్రం తిరగలేదు. 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే. మిగిలిన ఒక్కటి నంద్యాల. అక్కడ గెలిచిన జనతా అభ్యర్థి సంజీవరెడ్డి.

ఆ ఒక్క సీటే ఆయన్ని మళ్లీ ఢిల్లీకి తీసుకెళ్లింది. మార్చి 26న ఏకగ్రీవంగా స్పీకర్. జూలై 13న ఆ పదవికి రాజీనామా. మన లిస్టులో ఇది ఐదోది. ఈసారి కూడా రాష్ట్రపతి పదవి కోసమే. ఫిబ్రవరిలో ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ చనిపోయారు. 37 నామినేషన్లు పడ్డాయి, పరిశీలనలో 36 చెల్లలేదు. పోటీయే లేదు. ఎనిమిదేళ్ల క్రితం చివరి ఓటు దాకా లెక్కపెట్టి ఓడించిన పదవి, ఈసారి ఒక్క ఓటు కూడా లెక్కపెట్టకుండా ఇంటికొచ్చింది. 1977 జూలై 25న ప్రమాణ స్వీకారం.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడాలి. కానీ అసలు పరీక్ష ఇప్పుడే మొదలైంది. ఇప్పటిదాకా ఆయన రాజీనామాలు ఇచ్చారు. ఇప్పుడు ఇతరుల రాజీనామాలు ఆయన టేబుల్ మీదకొచ్చాయి.

1979 జూలై. జనతా పార్టీ ముక్కలవుతోంది. చవాన్ అవిశ్వాస తీర్మానం పెట్టారు. ఎంపీలు వరసగా జారిపోతుంటే, జూలై 15న మొరార్జీ దేశాయ్ రాజీనామా చేశారు. రాష్ట్రపతి ముందు చవాన్‌ని పిలిచారు, ఆయన వల్ల కాలేదు. తర్వాత మొరార్జీని, చరణ్ సింగ్‌ని మద్దతుదారుల జాబితాలు ఇమ్మన్నారు. జాబితాలు చూసి చరణ్ సింగ్‌ని పిలిచారు, ఆగస్టులో సభలో బలం నిరూపించుకోవాలన్న షరతుతో. జూలై 28న చరణ్ సింగ్ ప్రధాని అయ్యారు, ఇందిర మద్దతు మీద ఆధారపడి. సభ ఆగస్టు 20న కలవాలి. సరిగ్గా ఆ టైమ్‌కి ఇందిర మద్దతు లేదని తేల్చేశారు. చరణ్ సింగ్ సభకి వెళ్లలేదు. రాజీనామా ఇచ్చి, లోక్‌సభని రద్దు చేయమని సలహా ఇచ్చారు. పార్లమెంటుని ఒక్కసారి కూడా ఎదుర్కోని ప్రధాని మన చరిత్రలో ఆయనొక్కరే.

ఇటువైపు జనతా పార్టీ తన నాయకుడిని మార్చుకుంది. కొత్త నాయకుడు జగ్జీవన్ రామ్. నాకు అవకాశం ఇవ్వండి, సభలో బలం చూపిస్తాను అన్నారు. ఆయన ప్రధాని అయి ఉంటే దేశానికి తొలి దళిత ప్రధాని అయ్యేవారు.

ఆగస్టు 22న రాష్ట్రపతి లోక్‌సభని రద్దు చేశారు. జగ్జీవన్ రామ్‌కి పిలుపు రాలేదు. చరణ్ సింగ్ తాత్కాలిక ప్రధానిగా 1980 జనవరి దాకా కొనసాగారు.

దీని మీద అప్పుడు పెద్ద గొడవైంది. జనతా నాయకులు తీవ్రంగా విమర్శించారు. సంజీవరెడ్డి వైపు నుంచి కూడా చెప్పాలి కదా, చెప్తాను. ఆ నెల రోజుల్లో ఎంపీలు రోజుకో వైపు దూకుతున్నారు. అప్పటికి ఫిరాయింపుల చట్టం లేదు, అది 1985లో వచ్చింది. జగ్జీవన్ రామ్‌కి మెజారిటీ వచ్చినా అది ఇంకో రౌండ్ ఫిరాయింపులతోనే వచ్చేది. అలాంటి ప్రభుత్వం ఎన్నాళ్లు నిలుస్తుంది? సభలో చాలా పార్టీలు కూడా ఎన్నికలకే వెళ్దాం అన్నాయి. ప్రజల దగ్గరికి పంపడం కంటే ప్రజాస్వామ్యం ఏముంటుంది? ఇది బలమైన వాదన. తేలిగ్గా కొట్టేయలేం.

జగ్జీవన్ రామ్ మీద పాత కక్ష, 1969 బెంగళూరు నాటి పోటీ అన్నవాళ్లూ ఉన్నారు. మనిషి మనసులోకి నేను వెళ్లలేను, ఆ ఆరోపణ నేను చెయ్యను. 1960లో ఆయన ఖాళీ చేసిన కుర్చీలోకే తొలి దళిత ముఖ్యమంత్రి వచ్చారని ఇందాక చెప్పుకున్నాం. ఒక సంఘటన పట్టుకుని ఒక మనిషిని అటో ఇటో తేల్చేయడం ఈజీ, కానీ కరెక్ట్ కాదు.

నా అభ్యంతరం వేరే. సభలో బలం నిరూపించుకోని ప్రధాని సభని రద్దు చేయమంటే, ఆ సలహాకి ఎంత బరువు ఇవ్వాలి? సభ కొలువు తీరడానికి సిద్ధంగా ఉంది. ఎంపీలు ఢిల్లీలోనే ఉన్నారు. ఇంకో వారం టైమ్ ఇచ్చి, జగ్జీవన్ రామ్‌ని సభకి పంపి ఉంటే ఏమయ్యేది? ఓడిపోతే ఓడిపోయేవారు, అప్పుడు రద్దు చేసినా ఒక్కరూ వేలెత్తి చూపేవారు కాదు. బలం లెక్కపెట్టాల్సిన చోటు లోక్‌సభ. ఆ మాట రాష్ట్రాల విషయంలో సుప్రీంకోర్టు బొమ్మై కేసులో 1994లో గట్టిగా చెప్పింది. కానీ ఇది తెలుసుకోవడానికి సంజీవరెడ్డికి కోర్టు తీర్పు అవసరం లేదు. ఆయన రెండుసార్లు ఆ సభకి స్పీకర్. ఆ సభ గౌరవం కోసం ఒకసారి పార్టీనే వదిలేసుకున్న మనిషి. పదేళ్ల క్రితం చివరి ఓటు దాకా లెక్కపెట్టించుకుని, 14,650 తేడాతో ఓడి, ఆ ఫలితాన్ని ఒప్పుకుని ఇంటికెళ్లిన మనిషి. ఆయనకే లెక్కపెట్టించే అధికారం వచ్చిన రోజున, లెక్కపెట్టనివ్వలేదు. నాకు బాధ కలిగించేది ఇదే.

1980 జనవరిలో ఎన్నికలు జరిగాయి, ఇందిర భారీ మెజారిటీతో గెలిచారు. జనవరి 14న ఆమె చేత ప్రమాణం చేయించింది సంజీవరెడ్డే. అంతరాత్మ ప్రబోధం పేరుతో తనని ఓడించిన నాయకురాలితో మిగిలిన రెండున్నరేళ్లు రాష్ట్రపతిగా పనిచేశారు. 1982 జూలైలో పదవీకాలం పూర్తి చేసుకుని అనంతపురం వచ్చేశారు. గమనించారా, ఇన్ని పదవుల్లో పూర్తి టర్మ్ చేసిన పెద్ద పదవి అదే. తర్వాత ఆత్మకథ లాంటి జ్ఞాపకాల పుస్తకం రాశారు. 1996 జూన్ 1న బెంగళూరులో చనిపోయారు.

ఆ జూన్ 1న ఢిల్లీలో ఇంకోటి జరిగింది. దేవెగౌడ ప్రధానిగా ప్రమాణం చేశారు. దానికి నాలుగు రోజుల ముందు వాజ్‌పేయి తన 13 రోజుల ప్రభుత్వాన్ని వదులుకున్నారు. కానీ ఎలా? సభకి వచ్చారు, విశ్వాస తీర్మానం పెట్టారు, రెండు రోజులు చర్చ జరిగింది, బలం లేదని అందరి ముందు తేలాక, అక్కడే నిలబడి చెప్పి వెళ్లి రాజీనామా ఇచ్చారు. దేశమంతా టీవీలో చూసింది. తర్వాత ఇంకొకరికి అవకాశం వచ్చింది. 1979లో జరగాల్సింది నా దృష్టిలో అది.

మనం నాయకుల్ని రాజీనామాలతో కొలుస్తాం. పదవి వదిలేశాడు, గొప్పోడు అంటాం. సంజీవరెడ్డి ఐదుసార్లు వదిలేశారు. అందులో ఒకటి, 1964ది, నిజంగా గౌరవించదగ్గది. ఇంకోటి, 1967ది, నిలబడి ఉంటే మన చట్టసభల చరిత్రే మారేది. మిగిలినవి పై మెట్టు కోసం. కానీ ఆయన కెరీర్‌లో అన్నిటికంటే పెద్ద నిర్ణయం కుర్చీ వదిలినప్పుడు తీసుకున్నది కాదు, కుర్చీలో గట్టిగా కూర్చుని ఉన్నప్పుడు తీసుకున్నది. నాయకుడిని కొలవాల్సింది అక్కడేమో అని నాకు అనిపిస్తుంది.

మీరైతే 1979 ఆగస్టు 22న ఏం చేసేవారు? సభని పిలిచేవారా, రద్దు చేసేవారా? కారణంతో సహా కామెంట్లో రాయండి. మీ ఇంట్లో అప్పటి రోజులు చూసిన పెద్దవాళ్లుంటే, ముఖ్యంగా అనంతపురం, నంద్యాల వైపు వాళ్లయితే, ఒక్కసారి అడిగి చూడండి. 1977లో 41 చోట్ల ఒకలా, నంద్యాలలో ఒకలా ఎందుకు ఓటేశారో వాళ్ల మాటల్లో వినాలని నాకు చాలా కోరికగా ఉంది.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా సెలవు. నమస్తే.